రింగు కోసం ఒక శనివారం

ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన ఫోను శుక్రవారం సాయంత్రం రానే వచ్చింది. పోయిన భాగంలో అక్కడిదాకా చెప్పుకున్నాం. సినిమాల్లో డాన్సులు కూర్చే బసవపున్నయ్య మాస్టరు దగ్గర చేరి, ముందు హీరోయిన్ల వెనక వరసలో ఆడి, తర్వాత ఆ హీరోయిన్లకే అడుగులు నేర్పి, పేరు మాత్రం ఎక్కడా పడని మనోజకు ఇన్నాళ్ళకి ఒక పాట సొంతంగా చేసే అవకాశం దొరికింది. హీరోయిన్ తెర మీదికి వచ్చే మొదటి పాట. నలభై మంది డాన్సర్లు, ఆరు రోజుల పని. సోమవారం ఉదయం మొదలు. టైటిల్స్‌లో ఆమె పేరు ఒంటరిగా, ఒక కార్డు మీద పడుతుంది.

మనోజది షేక్‌పేట పాత ఊరు. భర్త సాయిశ్రీనివాస్‌ది తణుకు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనాల్లో ఒకదాంట్లో అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆ కంపెనీ వార్షికోత్సవానికి డాన్సు నేర్పడానికి వెళ్ళిన మనోజకు, ఎంత నేర్పినా కుడికాలు ఎడమకాలు తేడా తెలియని కుర్రాడొకడు తగిలాడు. అతన్నే పెళ్ళి చేసుకుని నాలుగేళ్ళయింది. పెళ్ళికి ముందే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. మనోజకు సొంతంగా పాట వచ్చేదాకా పిల్లలు వద్దని.

గర్భం రాకుండా వాడే మాత్రలు ఆమెకు పడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి షూటింగు కాల్‌షీటు ఉంటే మూడింటికే వాంతులు. అప్పుడు డాక్టరమ్మ రింగు రాసిచ్చింది. మెత్తటి, సన్నటి గాజులాంటిది. ఎవరికి వారే లోపల పెట్టుకోవచ్చు. మూడు వారాలు ఉంచి, ఒక వారం తీసేసి, ఏడు రోజులు దాటకుండా కొత్తది పెట్టుకోవాలి. మనోజ పాతది తీసింది పోయిన శనివారం సాయంత్రం. అంటే ఈ శనివారం సాయంత్రం లోపల కొత్తది కావాలి. కానీ ఊళ్ళో ఎక్కడా స్టాకు లేదు. వారం నుంచీ సాయి వెతుకుతున్నాడు. ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఉన్న షాపులన్నీ అడిగాననీ, అందరూ లేదనే అన్నారనీ చెప్తున్నాడు. పాట వస్తుందో రాదో తేలకముందే దాని రిహార్సళ్ళలో తల మునకలుగా ఉన్న మనోజ ఆ పని అతనికే వదిలేసింది.

శనివారం రిహార్సల్ లేదు. సాయి ఇంకా దుప్పటి ముసుగులోనే ఉన్నాడు. మనోజ చున్నీ మెడలో వేసుకుని, డాక్టరమ్మ చీటీ చేతిలో పెట్టుకుని తానే బయల్దేరింది.

*

ఒళ్ళంతా పాటే ఉంది ఆమెకు. మెట్లు దిగుతుంటే రెండో చరణంలో డాన్సర్లు ఎటు తిరగాలో తోచింది. గేటు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నాలుగడుగులు వేసి చూసుకుంది. బాగుంది. నవ్వుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది.

వాళ్ళుండే ఫిలింనగర్ సందు మొదట్లో కాశీవిశ్వనాథం గారి మెడికల్ షాపు ఉంది. ఏ హీరోకి ఏ మందు వెళ్తుందో ఆయనకు తెలుసు. అది ఆయన నోట బయటపడదని అందరికీ తెలుసు. ఆయన చీటీ చూసి గొంతు తగ్గించి, రెండు నెలలుగా పైనుంచే సరుకు రావడం లేదని చెప్పాడు. ఉన్న రెండు మూడు ముక్కలు ఎక్కడెక్కడో ఫ్రిజ్‌లలో ఉండిపోయి ఉంటాయనీ, అవి చల్లగా దాచాల్సిన సరుకు కాబట్టి చిన్న షాపుల వాళ్ళు తెప్పించరనీ, పెద్ద షాపుల్లో అడగమనీ సలహా ఇచ్చాడు.

పెద్ద షాపు జూబ్లీహిల్స్‌లో ఉంది. లోపలికి వెళ్తే చలి పుట్టేంత ఏసీ. టై కట్టుకున్న సేల్స్‌మన్ చీటీ చూడకుండానే, రింగు అన్న మాట చెవిన పడగానే హుషారుగా వెళ్ళి ఒక రంగుల వస్తువు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. పసిపిల్లలకు పళ్ళు వచ్చేటప్పుడు కొరకడానికిచ్చే రబ్బరు చక్రం. పాపకి ఎన్ని నెలలు మేడమ్ అని కూడా అడిగాడు. మనోజకు నవ్వు ఆగలేదు. ఇది కావాల్సి రాకుండా ఉండటానికే తాను వచ్చిందని చెప్పాలనుకుంది గానీ, ఆ మొహం చూసి ఊరుకుని చీటీ చూపించింది. అతను చెవుల దాకా ఎర్రబడి, కంప్యూటర్‌లో వెతికి, లేదన్నాడు.

అక్కడినుంచి ఆటోలో షేక్‌పేట. అక్కడే ఆమెకు అసలు ఇబ్బంది. అక్కడి మందుల షాపు వీరయ్యది. వాళ్ళ నాన్నకు చిన్ననాటి దోస్తు. మనోజ గవదబిళ్ళలకు, కడుపునొప్పికి, మోకాలు చీరుకుపోయినప్పటి దూదికి కూడా ఆయన చేతి మందే. కౌంటరు ముందు నిలబడి, చీటీ బయటికి తియ్యకుండానే తలనొప్పి మాత్రలు కొనుక్కుని బయటికొచ్చేసింది. పది అడుగులు వేశాక తన మీద తనకే కోపం వచ్చింది. సోమవారం నలభై మందిని, ఒక హీరోయిన్‌ను నిలబెట్టి చెప్పాల్సిన మనిషి, ఒక మందు పేరు చెప్పలేకపోయింది. వెనక్కి తిరిగి వచ్చి చీటీ ఆయన చేతిలో పెట్టింది.

వీరయ్య కళ్ళద్దాలు సర్దుకుని నింపాదిగా చదివాడు. తన దగ్గర లేదు. ఫోను తీసి ఒకరితో మాట్లాడి, టోలిచౌకి మసీదు ఎదురు వరసలో ఒక షాపులో ఒకే ఒక్కటి ఉందని చెప్పాడు. మనోజ తల దించుకునే ఉండటం చూసి అన్నాడు.

"నలభై ఏండ్ల సంది మందులమ్ముతున్న బిడ్డా. మందుకు సిగ్గేంది? జల్ది పో, ఇంకెవరన్న తీస్కపోతరు."

*

నిజంగానే ఇంకెవరో తీసుకుపోబోతున్నారు.

టోలిచౌకి షాపులో మనోజ చీటీ కౌంటరు మీద పెట్టిన క్షణంలోనే పక్కనుంచి ఇంకో చీటీ వచ్చి దాని పక్కన పడింది. అదే మందు. మనోజ తల తిప్పి చూసింది. నాగేశ్వరి.

నాగేశ్వరి హీరోయిన్‌కు హెయిర్ డ్రెస్సర్. ముప్ఫై ఆరేళ్ళుంటాయి. గుడివాడ నుంచి వచ్చి కృష్ణానగర్‌లో స్థిరపడింది. సోమవారం మనోజ చేయబోయే పాటలో హీరోయిన్ జడ అల్లేది ఆమే. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షాపాయన ఫ్రిజ్ తీసి, చిన్న పెట్టె ఒకటి తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. ఉన్నది ఇదొక్కటే, మీరే తేల్చుకోండి అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మేడమ్ కోసమా అని మెల్లగా అడిగింది మనోజ. హీరోయిన్ పనులన్నీ నాగేశ్వరి చేతుల మీదుగానే జరుగుతాయని సెట్టులో అందరికీ తెలుసు.

నాగేశ్వరి కాదంది. తన కోసమే. ఇద్దరాడపిల్లలు. మొగుడికి కొడుకు కావాలి. ఆమెకు కిందటి కాన్పులోనే ప్రాణం మీదికొచ్చింది, ఇంకోటి వద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. ఆపరేషన్ మాటెత్తితే ఇంట్లో రణరంగం. మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుంటే కనిపెట్టి సందులో విసిరేశాడు. ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు. సెట్టులో రేపటి కాల్‌షీటు గురించి చెప్పినట్టు, మామూలుగా చెప్పింది. నిన్ననే నెలసరి వచ్చిందనీ, ఈ నాలుగు రోజుల్లోనే మొదటిది పెట్టుకోవాలని డాక్టరు చెప్పిందనీ, అందుకే మేడమ్ దగ్గర రెండు గంటలు అడిగి వచ్చాననీ అంది.

"ఇదైతే వాడికి కనపడదు కదమ్మా," అంది చివరికి. "కనపడనిది వాడు పారెయ్యలేడు."

మనోజ పెట్టెను చూసింది. ముందు చీటీ పెట్టింది తానే. ఆ మాట అంటే నాగేశ్వరి మారు మాట్లాడకుండా పక్కకు తప్పుకుంటుందని కూడా తెలుసు. పరిశ్రమలో ఆమె అలా తప్పుకుని తప్పుకుని అలవాటుపడిన మనిషి. మనోజ మనసులో లెక్క చాలా తొందరగా తేలిపోయింది. తనకు సాయి ఉన్నాడు. ఒక నెల వేరే జాగ్రత్తలేవో ఇద్దరూ కలిసి తీసుకోవచ్చు, అతను కాదనడు. తన పాట తన ఇంట్లో వాళ్ళది కూడా. నాగేశ్వరికి ఇంట్లోనే ఎవరూ లేరు.

ఆమె పెట్టెను నాగేశ్వరి వైపు జరిపింది.

"తీస్కో అక్కా. మా ఇంట్ల మా ఆయన నా దిక్కే ఉన్నడు. నాకు నడుస్తది."

నాగేశ్వరి వెంటనే తీసుకోలేదు. పెట్టె మీద చెయ్యి వేసి, మనోజ మొహంలోకి చూసి, అప్పుడు తీసుకుని హ్యాండ్‌బ్యాగు అడుగున, దువ్వెనల కింద పెట్టుకుంది.

షాపాయన కట్టుకున్న చేతులు విప్పాడు. ఫోను అందుకుని వరసగా నంబర్లు తిప్పడం మొదలుపెట్టాడు. నాలుగో ఫోనుకి ఆయన మొహం మారింది. మధురానగర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్, దానికి ఆనుకుని మందుల షాపు. అక్కడ ఒకటి ఉంది. కానీ శనివారం రెండింటికి మూసేస్తారు. మళ్ళీ సోమవారమే.

గోడ మీద గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది.

ఆటో మాట్లాడదామని మనోజ బయటికి పరుగెత్తింది. నాగేశ్వరి అప్పటికే స్కూటీ స్టార్టు చేసి ఉంది. ఎక్కమంది.

*

ఆ ప్రయాణం మనోజ ఎప్పటికీ మరిచిపోదు. నాగేశ్వరి జుట్టు దువ్వేటప్పుడు ఎంత నెమ్మదో బండి మీద అంత దూకుడు. టోలిచౌకి రద్దీలో బిర్యానీ హోటళ్ళ ముందు ఆగిన కార్ల మధ్యనుంచి, చెయ్యి పట్టేంత సందు దొరికితే చాలు, దూరిపోయింది. షేక్‌పేట దాటి, ఫిలింనగర్ ఎత్తు ఎక్కేటప్పుడు ఇద్దరి బరువుకీ బండి మూలిగింది. మనోజ దిగి పరుగెత్తనా అని అడిగింది. కూర్చోమని గద్దించింది నాగేశ్వరి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడింది. ఒంటిగంటా నలభై. మనోజ కాళ్ళు రెండూ వాటంతటవే పాట తాళం వేస్తున్నాయి. పక్కన ఆగిన కంపెనీ క్యాబులోంచి మెడలో ఐడీ కార్డుల పిల్లలు వింతగా చూస్తున్నారు. నాగేశ్వరి అద్దంలోంచి చూసి, అదేనా పాట అని అడిగింది. అవునంది మనోజ. రెండో చరణంలో డాన్సర్లందరూ ఒకేసారి వెనక్కి తిరిగి, హీరోయిన్ ఒక్కతే ముందుకి తిరిగి ఉంటే ఎట్లా ఉంటుందని అడిగింది. అలాగైతే జడ వెనక నుంచి కాదు, భుజం మీదుగా ముందుకి వెయ్యాలంది నాగేశ్వరి. సిగ్నల్ ఎరుపు నుంచి పచ్చ అయ్యేలోపల ఆ షాటు ఇద్దరి మధ్యా పూర్తయిపోయింది. వెనకనుంచి హారన్లు మోగుతుంటే బండి ముందుకు దూకింది.

యూసుఫ్‌గూడ దిగువకు బండి జారుతుంటే గాలి మొహానికి కొట్టింది. మనోజ గట్టిగా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. పాటకో, పరుగుకో, ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాక తన ఒంటి సంగతి తానే చూసుకోవడానికి ఊరు ఊరంతా తిరుగుతున్నందుకో. నాగేశ్వరి కూడా నవ్వింది.

రెండుకు అయిదు నిమిషాలుంది. షాపు షట్టరు సగం దిగి ఉంది. మనోజ బండి ఆగకముందే దూకి, షట్టరు కింద తల పెట్టి, అమ్మా అని పిలిచింది.

లోపల బాలమణి అనే ఆవిడ లెక్క ముగించి తాళాలు చూసుకుంటోంది. యాభై దాటిన మనిషి. ముందు విసుక్కుంది. చీటీ చూసి, మనోజ మొహాన కారుతున్న చెమట చూసి, ఫ్రిజ్ తెరిచింది. పైన ఇన్సులిన్ డబ్బాలు జరిపి, వెనకనుంచి పెట్టె తీసింది. గడువు తేదీ చదివి వినిపించింది. ఇంకా ఏడు నెలలు ఉంది.

మనోజ ఆ పెట్టెను రెండు చేతులా పట్టుకుంది. చల్లగా ఉంది. బయట నాగేశ్వరి హారన్ రెండుసార్లు కొట్టి, దొరికిందా అని సైగ చేసింది. మనోజ పెట్టె ఎత్తి చూపించింది.

బాలమణి రిజిస్టరు తెరిచి చీటీలోని పేరు ఎక్కించబోయి ఆగింది. పైన ఒక వరస మీద వేలు పెట్టి, మళ్ళీ చీటీ చూసింది.

"గిదే పేరు మీద మొన్న బుధవారం రెండు తీస్కపోయిండు గదా మీ ఇంటాయన. గవి సరిపోలేదా బిడ్డా?"

మనోజకు ముందు ఆ మాట అర్థం కాలేదు. బాలమణి రిజిస్టరు ఆమె వైపు తిప్పింది. మనోజ, ఫిలింనగర్. డాక్టరు పేరు. రెండు. ఆ పక్కన తీసుకున్నవారి సంతకం. ఇంగ్లీషులో, ఎస్ అక్షరం పాములా చుట్టి ఉన్న సంతకం. బ్యాంకు కాగితాల మీదా, ఇంటి కిరాయి ఒప్పందం మీదా, పెళ్ళి రిజిస్ట్రేషన్ మీదా ఆమె చూసిందే.

*

బయటికి వచ్చి గోడ నీడన నిలబడి సాయికి ఫోన్ చేసింది. నాగేశ్వరి ఆమె మొహం చూసి, బండి ఆపేసి, కాస్త దూరంగా వెళ్ళి నిలబడింది.

సాయి మొదటి రింగుకే ఎత్తాడు. ఎక్కడున్నావనీ, దొరికిందా అనీ అడిగాడు.

"లేదు," అంది మనోజ. పెట్టె ఆమె చేతిలోనే ఉంది.

అటువైపు సాయి ఊపిరి వదలడం వినిపించింది. నాలుగేళ్ళుగా ఆ ఊపిరి పక్కనే పడుకుంటోంది ఆమె. అది నిరాశ కాదు.

"పోనీలే. నేనూ తిరిగాను కదా, ఎక్కడా లేదు. ఎండన పడి తిరక్కు, వచ్చెయ్. ఈ నెలకి వదిలేద్దాం. ఏమవుతుంది చెప్పు, ఏదైనా అయితే అవనీ."

వస్తున్నానని చెప్పి పెట్టేసింది. గొంతు మామూలుగానే ఉంది. నాగేశ్వరికి విషయం నాలుగు ముక్కల్లో చెప్పింది. టోలిచౌకి షాపులో తాను అన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది. నాగేశ్వరి కళ్ళలో దాని తాలూకు బాధ కనపడింది గానీ, ఆ మాట ఎత్తలేదు. ఇంటి దాకా దింపుతానంది. గేటు దగ్గర దింపి, తాను కింద కాసేపు ఉంటాననీ, మేడమ్‌కు ఆలస్యమవుతుందని ఫోన్ చేస్తాననీ అంది.

*

సాయి భోజనం పెట్టుకుని తినకుండా ఎదురుచూస్తున్నాడు. రెండు కంచాలు పెట్టి ఉంచాడు. మంచివాడే. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి గొంతు పెంచి ఎరగడు. తెల్లవారుజామున షూటింగుకు వెళ్ళే రోజుల్లో కాఫీ పెట్టి లేపేవాడు. ఆ మనిషీ, రిజిస్టరులో సంతకమూ ఒకటే అంటే మనసు ఒప్పుకోవడం లేదు.

ఆమె నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. చేతులు సబ్బుతో కడుక్కుంది. ముందు పని, తర్వాత మాటలు అనుకుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బయటికి వచ్చి ఖాళీ పెట్టెను బల్ల మీద, అతని కంచం పక్కన పెట్టింది.

సాయి పెట్టెను చూశాడు. లేదన్నావు కదా అన్నాడు.

"నువ్వు కూడ లేదనే చెప్పినవ్ గద సాయీ. వారం దినాలు చెప్పినవ్."

అతను బుకాయించలేదు. అది అతనికి చేతకాదు. లేచి వెళ్ళి లాప్‌టాప్ బ్యాగు లోపలి జిప్పు తీసి, రెండు పెట్టెలు తెచ్చి ఖాళీ పెట్టె పక్కన పెట్టాడు. కూర్చున్నాడు. తనకు ముప్ఫై మూడేళ్ళొచ్చాయన్నాడు. టీములో తనకన్నా చిన్నవాళ్ళ బల్లల మీద పిల్లల ఫోటోలు ఉన్నాయన్నాడు. పాట వచ్చేదాకా అనుకున్నాం, సరే అన్నాను, నాలుగేళ్ళు ఒక్కసారైనా అడిగానా అన్నాడు. పోయిన సోమవారం మాస్టరు పాట నీకే రావచ్చని సూచాయగా చెప్పిన రోజు నువ్వు ఇల్లంతా ఎగిరావు, నేనూ ఎగిరాను, కానీ ఆ రాత్రి నువ్వు ఈ పాట తర్వాత ఇంకో పాట గురించి, ఆ తర్వాత సినిమా మొత్తం గురించి మాట్లాడావు, అందులో ఎక్కడా పిల్లల ఊసు లేదు అన్నాడు. భయం వేసిందన్నాడు.

"పాట వచ్చాక అన్నావు మనోజా. వచ్చింది కదా. నేను మాట తప్పలేదు."

ఆ మాటలో నిజం ఉంది. అది ఆమెకు గుచ్చుకుంది కూడా. తాను ఆ రాత్రి నిజంగానే అతన్ని చూడలేదు. మనోజ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"అడిగితే మాట్లాడేదాన్ని. కొట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి తేలేది. ఆరు నెలలు ఆగుమంటుంటినో, సరే అంటుంటినో నాకే ఎరుక లేదు. కని నువ్వు అడగలే. నా ఒళ్ళు ఏం చెయ్యాల్నో నాకు తెల్వకుండ నువ్వొక్కనివే ఖాయం చేసినవ్. ఇందాక ఒకామెకు నా ముందట ఉన్నది ఇచ్చేసి వచ్చిన, ఎందుకో తెలుసా? మా ఆయన నా దిక్కున్నడని."

సాయి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తప్పు చేశానన్నాడు. వేళ్ళ సందుల్లోంచి మాట సరిగ్గా వినపడలేదు. మనోజ మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు. అన్నం చల్లారిపోతోంది. కిందనుంచి నాగేశ్వరి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్న గొంతు లీలగా వస్తోంది.

మనోజ తలుపు వైపు చూసింది. లేచి వెళ్ళిపోవచ్చు. షేక్‌పేట పది నిమిషాల దూరం. కానీ ఈ మనిషిని ఒక్క అబద్ధంతో వదులుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు. ఒక్కటే అయితే.

"ఒక్కటి చెప్పు. గిదేనా, ఇంకేమన్న ఉన్నదా? ఉంటే ఇప్పుడే చెప్పు. ఇయ్యాల విన్నదంత ఒక్కటే లెక్క. రేపు ఇంకొకటి బయటపడితే మాత్రం అది వేరే."

సాయి తల ఎత్తాడు. ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి. మళ్ళీ మూసుకున్నాయి.

"ఇంకేం లేదు," అన్నాడు.

అప్పుడే మనోజ ఫోను మోగింది. బసవపున్నయ్య మాస్టరు. ఎత్తి, బల్ల మీద పెట్టి, స్పీకరు మీట నొక్కింది. మాస్టరు గొంతు గదంతా నిండింది. మంచి హుషారుగా ఉన్నాడు. రిహార్సల్ టేపు నిర్మాత చూశాడట, హీరోయిన్ కూడా చూసిందట. ఇద్దరూ ఒకే మాట అన్నారట. సినిమాలో మిగిలిన మూడు పాటల్లో రెండు మనోజకే ఇవ్వమని. ఎనిమిదేళ్ళుగా తన దగ్గరున్న శిష్యురాలి గురించి ఆ మాట వింటే తన జబ్బలు తానే చరుచుకోవాలనిపించిందన్నాడు.

మనోజకు ఇంత కోపంలోనూ, ఇంత బాధలోనూ, ఆ సంతోషం అడుగునుంచి బుడగలా తన్నుకొచ్చింది. కళ్ళు నిండాయి. అలవాటు కొద్దీ సాయి వైపు చూసింది, ఇద్దరూ కలిసి ఎగరాల్సిన క్షణం అది.

సాయి ఆమెను చూడటం లేదు. ఫోను వైపు చూస్తున్నాడు. చెయ్యి చాచి దాన్ని ఆపేయబోయాడు. మనోజ అతని మణికట్టు పట్టుకుంది.

"కాకపోతే ఒక్కటమ్మా," అంటున్నాడు మాస్టరు, గొంతులో తండ్రిలాంటి మెత్తదనంతో. "మంగళవారం మీ ఆయన ఫోన్ చేసి చెప్పినప్పుడు, నిజం చెప్తున్నాను, పాట ఇంకొకరికి ఇచ్చేద్దామనే అనుకున్నాను. మనసొప్పలేదు. కనుక సోమవారం నుంచి గెంతులు, లిఫ్టులు నువ్వు చేసి చూపించొద్దు, కుర్చీ వేయిస్తాను, కూర్చుని చెప్పు చాలు. ఇంతకీ ఎన్నో నెలమ్మా?"